పెట్టెలో లేని ముక్క

నావ మీంచి మాట్లాడే రేడియో, వీహెచ్‌ఎఫ్ సెట్టు, కొత్త పెట్టె విప్పితే లోపల ఏమేం ఉంటాయో కాకినాడ బోట్ల వాళ్ళు చూడకుండానే చెబుతారు. మెలికల తీగతో మైకు, అది తగిలించుకునే చిన్న కొక్కెం, ఎరుపు ఒకటి నలుపు ఒకటి కరెంటు తీగలు, తీగ మధ్యలో ఫ్యూజు, ఇంగ్లీషులో ఒక పుస్తకం. అడుగున ప్లాస్టిక్ సంచిలో, రెండు చివరలూ పైకి వంచిన పట్టీ ఒకటి ఉంటుంది. దాన్నే బ్రాకెట్ అంటాం. దానితోపాటు మడతపెట్టిన కాగితం. స్క్రూలకు ఎక్కడెక్కడ తొలవాలో దాని మీద గుర్తులు అచ్చువేసి ఉంటాయి. ఆ కాగితం అంటించి గుర్తులు పెట్టుకోవాలంటే ముందు చదునైన చోటు కావాలి. మన వేట నావలో అలాంటి చోటు వెతికి చూడండి. అరచేతి మేర దొరకదు.

నేను రేడియోలు బాగుచేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. కాకినాడ జగన్నాథపురంలో మా నాన్న కొట్టులో కూర్చుంటే ఉప్పుటేరు గాలి నేరుగా లోపలికి వచ్చేది. ఆ రోజుల్లో నావల మీంచి వచ్చే సెట్లంటే ట్రాన్సిస్టర్లే. ఉప్పు పట్టి, స్ప్రింగులు తుప్పు తినేసి వచ్చేవి. ఇప్పుడు నా చేతికి వచ్చేవి వీహెచ్‌ఎఫ్ సెట్లు. వాటిలో లోపల పార్టు కాలిపోయినవి తక్కువే. చాలా భాగం సరిగ్గా బిగించక మూగబోయినవి. ఇన్నేళ్ళు ఈ పని చేశాక నాకు ఒక విషయంలో గట్టి నమ్మకం కుదిరింది. సెట్టు ఎంత మంచి కంపెనీదన్నది తరవాతి మాట. అది పడవలో ఎక్కడుంది, ఎలా బిగిసి ఉంది, చీకట్లో నావ నడిపే సరంగు చేతికి అందుతుందా లేదా, ఇదీ ముందు చూడవలసింది. ఈ బిగించే పనిని మనం పనిగానే లెక్కపెట్టడం లేదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ ఏటిమొగలోనూ దుమ్ములపేటలోనూ, అటు భైరవపాలెం నుంచి అంతర్వేది దాకానూ గట్లన్నీ వడ్రంగులవే. పడవలు ఒడ్డెక్కుతాయి. పలకల సందుల్లో దూది కొడతారు, రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పుతారు. అన్నీ అయ్యాక, ఇంకో రెండు రోజుల్లో వేటకు పోతారనగా, ఎవరికో సెట్టు గుర్తొస్తుంది.

"ఎల్లుండి ఏటండి. ఇయ్యాల ఇది కాస్త బిగించెయ్యండి గురువుగారూ. నాలుగు స్క్రూలే కదా, ఎంతసేపు!"

నిజానికి ఆ నాలుగు స్క్రూల దగ్గరే ఉంది సంగతంతా.

కోరంగి పక్కన తాళ్ళరేవు ప్రాంతంలో తరతరాలుగా కర్ర ఓడలు కట్టారు. 1839 నవంబరు తుపానుకు కోరంగి రేవు దెబ్బతిన్న తరవాత కూడా ఆ చేతిపని అక్కడక్కడే నిలిచింది. ఇక్కడి నావ కాగితం మీద పుట్టదు. మేస్త్రి కంటితో కొలుస్తాడు, చేత్తో నిమిరి ఒంపు చూస్తాడు, చాలకపోతే ఇంకో పలక పెడతాడు. అందుకని ఒకే మేస్త్రి కట్టిన రెండు నావల్లో కూడా కేబిన్ దూలాలు ఒక్క తీరున ఉండవు. నీరు నిలవకుండా ఉండటానికి పైకప్పు దూలాన్ని మధ్యలో ఉబ్బుగా, చివరలకు వాలుగా పెడతారు. పక్క గోడలు నిలువుగా ఉండవు. కిటికీ కింద ఇంత బద్ద ఉంటుందనుకుంటే అక్కడ అప్పటికే జీపీఎస్ ఉంటుంది, చేపల జాడ చూపే ఎకో సౌండర్ ఉంటుంది, అగ్గిపెట్టె, చుట్టలు, అమ్మవారి పటం ఉంటాయి. ఏ ఒక్కదాన్నీ కదపమనడానికి మనకు నోరు రాదు.

బ్రాకెట్ గీసిన ఇంజనీరు మనసులో వేరే బోటు ఉంది. చక్రం ముందు బల్లలా చదును, ముందు అద్దం, పైన బిగువైన కప్పు. ఆ బోటుకు అది చక్కగా కుదురుతుంది. అతణ్ణి నేను తప్పు పట్టను. వెయ్యి రకాల బోట్లకు ఒక్క బ్రాకెట్టే చెయ్యగలడు మరి. మిగతాది బిగించేవాడు చూసుకుంటాడని వదిలేశాడు. బిగించేవాడు ఎవరన్నది ఎవరూ చెప్పలేదు. అదే నా బాధ.

ఈ పట్టీతో వచ్చే ఇబ్బందులు బయటివాళ్ళకు చిన్నవిగా కనిపిస్తాయి. చేసేవాడికి తెలుస్తాయి. పెట్టె వెడల్పు జానెడే. దాన్ని పట్టీకి పట్టించే గుండ్రటి మరలు మాత్రం రెండు పక్కలా ఉంటాయి. వాటిని తిప్పడానికి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి దూరాలి. వెనకాల యాంటెన్నా ప్లగ్గు, కరెంటు తీగ. యాంటెన్నా కేబుల్‌ను ఒక్కసారిగా మడిస్తే లోపలి పొర నలిగిపోతుంది, అది నెమ్మదిగా ఒంపు తిరగాలి. దానికి వెనక ఇంకో బెత్తెడు కావాలి. జానెడు పెట్టెకు అలా చుట్టూ కలిపి మూరెడు చోటు కావాల్సి వస్తుంది. దూలానికి తలకిందులుగా వేలాడదీస్తే చోటు కలిసివస్తుంది గాని, స్క్రూ తలలు పట్టీ లోపలికి వస్తాయి, సెట్టు ఎక్కించాక వాటిని ముట్టుకోవడం కుదరదు. ముందు పట్టీ బిగించి, తరవాత సెట్టు తొడిగి, అప్పుడు మరలు తిప్పాలి. నెల తరవాత ఇంజను అదురుకు ఒక స్క్రూ వదులైతే మళ్ళీ మొత్తం విప్పాలి. ఆ కేబిన్లో తల ఎత్తడానికి లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, నోట్లో స్క్రూలు పెట్టుకుని పని చేయాలి.

ఇంకో సంగతి. సెట్టు తెర మీద అంకెలు ఒక వాలు నుంచి చూస్తేనే కనిపిస్తాయి, కింది నుంచి చూస్తే నల్లగా అయిపోతాయి. కాబట్టి సెట్టు ముఖం సరంగు ముఖం వైపు తిరిగి ఉండాలి. సరంగు ఎక్కడ కూర్చుంటాడు? పగలు ఒకచోట, రాత్రి ఒకచోట. మొగ దాటేటప్పుడు అసలు కూర్చోడు.

మొగ గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ సముద్రంలో కలిసేచోట ప్రతి వరదకూ ఇసుక మేటలు జరుగుతుంటాయి. నిరుడు లోతున్నచోట ఈ ఏడు మోకాలి లోతు. గోదావరి ముఖాన ఉన్న ఆ మేటల దెబ్బ 1867 జూన్‌లో శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌకకు తగిలింది. ఓడ పూర్తిగా పోయింది, మనుషులు మాత్రం బతికారు. ఆ మేటకు, దాని దగ్గరి దీపస్తంభానికి ఆ ఓడ పేరే ఇప్పటికీ నిలిచింది. అంత పెద్ద ఓడకు చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. ఇప్పుడు ముందు వెళ్ళిన నావ వెనక వచ్చే నావకు చెప్పగలదు. తెల్లవారుజామున సెట్టు దగ్గర కూర్చుంటే వినిపించే మాటల్లో చాలా భాగం అవే: మొగ ఎలా ఉంది, కెరటం ఏ పక్క విరుగుతోంది, ఎడమ చేతి దారినా కుడి చేతి దారినా. ఆ నిమిషంలో సరంగు ఎడమ చెయ్యి చుక్కాని మీద ఉంటుంది. కళ్ళు కెరటం మీంచి తిప్పడు. కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. మైకు ఆ చేతికి, చూడకుండా, అందాలి.

అందుకని నేను కాగితం తీసి పక్కన పెడతాను. ముందు సరంగును తన చోట నిలబడమంటాను. చుక్కాని పట్టుకుని కళ్ళు మూసుకుని కుడి చెయ్యి చాపమంటాను. ఆ చెయ్యి సహజంగా ఎక్కడికి పోతే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతాను. మైకు కొక్కెం అక్కడ. సెట్టు దానికి దగ్గరలో. అక్కడినుంచే జీపీఎస్ అంకెలు కూడా కనిపించాలి, ఎందుకంటే ప్రమాదంలో ఉన్నవాడు మొదట చెప్పాల్సింది తానెక్కడున్నాడో. మైకు ఒకచోట, అంకెలు ఇంకోచోట ఉంటే, చదివి గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పాలి. మునిగిపోయే పడవలో అంత తీరిక ఎవరికుంటుంది?

ఆ సుద్ద గుర్తు దగ్గర ఎప్పుడూ ఏదో ఒక ఒంపు ఉంటుంది. ఒక ఏడు ఏటిమొగ గట్టు మీద జరిగింది చెబుతాను. గుర్తు పడింది సరిగ్గా దూలం వాలే చోట. పట్టీ పెడితే ఒక మూల మాత్రమే ఆనుతోంది, మూడు మూలలు గాల్లో ఉన్నాయి. ఓనరు పట్టీనే సుత్తితో వంచేద్దామన్నాడు. కలాసీ ఒకతను, "దూలం కాసింత చెక్కేస్తే సరిపోద్ది" అన్నాడు. పక్క పడవకు దూది కొడుతున్న ముసలి వడ్రంగి ఇదంతా వింటున్నాడు. పిలవకుండానే లేచి వచ్చాడు.

"దాన్నొంచితే మళ్ళీ నిలబడదు బాబూ. దూలం చెక్కితే పడవ ఊరుకోదు. రెండూ వద్దు. మజ్జిలో ముక్కేద్దాం."

టేకు తునక ఒకటి తెచ్చాడు. దూలానికి సుద్ద బాగా రాశాడు. తునకను దానికి నొక్కి తీశాడు. సుద్ద అంటినచోట ఉలితో పలచగా లేపాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేపాడు. మొదట తునక మీద ఒక అంచునే తెల్లగా అంటేది. తరవాత రెండు చోట్ల. పని సాగేకొద్దీ తెలుపు మెల్లగా పరుచుకుంటూ పోయి చివరికి ముక్క మొత్తానికి అంటింది. అంటే ఒక ముఖానికి ఆ దూలం ఒంపు అచ్చంగా వచ్చేసింది. రెండో ముఖాన్ని చిత్రిక పట్టి చదును చేశాడు. పట్టీ దాని మీద ఇంత సందు లేకుండా కూర్చుంది. స్క్రూలు వద్దని, దూలం గుండా తొలిపించి బోల్టులు వేయించాడు. పైన వెడల్పు వాషర్లు పెట్టించాడు. తొలిచిన రంధ్రాల్లో నూనె పోయించాడు, కర్ర నీరు పట్టకుండా. నేను సెట్టు ఎక్కించి మరలు తిప్పాను. ఇంజను స్టార్టు చేసి చూశాం. సెట్టు మీద చెయ్యి వేస్తే పడవ అదురే తెలిసింది గాని, సెట్టు విడిగా వణకలేదు.

ఆ ముక్క ఏ కంపెనీ పెట్టెలోనూ రాదు. ఏ ఫ్యాక్టరీ కూడా దాన్ని చెయ్యలేదు. ఆ దూలాన్ని చూసినవాడే చెయ్యాలి, ఆ దూలానికే చెయ్యాలి. దాని ఖరీదు వడ్రంగి ఒక పూట కూలిలో నాలుగో వంతు కూడా ఉండదు. అయినా ఏ బిల్లులోనూ దానికి గడి లేదు. గోదావరి మనిషికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, కాటన్ దొర కాలువలు తవ్వించాడు, లాకులు కట్టించాడు. కాలువ గట్టు నుంచి చేలోకి నీరు తెచ్చిన బోదె మాత్రం ఆ చేను రైతే, తన నేల వాటం చూసుకుని, తన పారతో తీసుకున్నాడు. బోదె లేని చేనుకు ఆనకట్ట ఉన్నా లేనట్టే. పైనుంచి వచ్చే పెద్ద సాయానికీ కింద ఉన్న ఒక్కొక్క చోటుకీ మధ్య ఎప్పుడూ ఇంత ఖాళీ ఉంటుంది. దాన్ని నింపే పనిని మనం పేరు పెట్టి పిలవం, డబ్బు పెట్టి కొనం.

ముక్క కుదిరితే అయిపోలేదు. కరెంటు తీగ ఉంది. 25 వాట్ల సెట్టు వినేటప్పుడు ఒక ఆంపియరు కూడా తీసుకోదు, మాట్లాడేటప్పుడు ఐదారు ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ఇంజను గదిలో, సెట్టు కేబిన్లో. మధ్య దూరానికి ఇంట్లో మిగిలిన సన్న వైరు వేస్తారు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఐదు మీటర్ల దూరం, పోనూ రానూ పది మీటర్లు వేస్తే, ఆరు ఆంపియర్లకు ఒక వోల్టు దారిలోనే పోతుంది. అసలే సగం దిగిన బ్యాటరీ అయితే బొత్తాం నొక్కగానే సెట్టు ఆరిపోతుంది. వదిలితే మళ్ళీ వెలుగుతుంది. వినిపిస్తుంది గాని మాట్లాడనివ్వదు. ఇలాంటి సెట్టును సరంగు బాగుందనే అనుకుంటాడు, రోజూ వింటున్నాడు కాబట్టి. పిలవాల్సిన రాత్రి వచ్చేదాకా సంగతి బయటపడదు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వెయ్యండి, ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టండి. బిగించాక తప్పనిసరిగా పక్క పడవను పిలిచి, ఆ సరంగు నోటితో "వినబడింది" అనిపించుకోండి.

దిక్సూచి ఉన్న పడవల్లో ఇంకొకటి చూడాలి. సెట్టులో స్పీకరు ఉంది, స్పీకరులో అయస్కాంతం ఉంది. పక్కపక్కన పెడితే ముల్లు పక్కకు లాగుతుంది. ఎంత దూరం ఉంచాలో పుస్తకంలో రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. బోల్టులు బిగించేముందు సెట్టును చేత్తో పట్టుకుని, ఆన్ చేసి, ముల్లు కదులుతుందేమో చూస్తే చాలు.

యాంటెన్నా దగ్గరకు వస్తే లెక్క తేలిక, ఒప్పించడమే కష్టం. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు కంటిచూపు పోయినంత దూరమే పోతుంది, భూమి ఒంపు అడ్డొస్తుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని నాలుగుతో గుణిస్తే, ఆ పడవ వైపు నుంచి ఎన్ని కిలోమీటర్లో సుమారుగా వస్తుంది. మూడు మీటర్ల ఎత్తుకు ఏడు కిలోమీటర్లు. ఎదుటి పడవకూ అంతే ఎత్తుంటే రెండూ కలిపి 14. ఇద్దరూ ఆరు మీటర్లకు లేపితే 20. ఒడ్డున 60 మీటర్ల స్తంభం మీద యాంటెన్నా ఉంటే, మూడు మీటర్ల పడవకు కూడా 38 కిలోమీటర్ల దాకా అందుతుంది. అందుకే వాట్లు పెంచడం కంటే ఎత్తు పెంచడం మేలు. కేబుల్ సన్నదైతే పది మీటర్లలోనే దాదాపు మూడో వంతు శక్తి వేడిగా పోతుంది. ప్లగ్గులోకి ఉప్పునీరు దిగితే లోపలి రాగి అల్లిక పచ్చటి చిలుము పట్టి, ఆ వేసంగికే పనికిరాకుండా పోతుంది. ప్లగ్గుకు రబ్బరు టేపు చుట్టండి. కేబుల్ కేబిన్లోకి దూరేచోట కిందికి చిన్న ఒంపు వదలండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది.

ఇంత చాదస్తం ఎందుకంటారా? 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా కోనసీమ తీరం మీద విరుచుకుపడిన తుపాను ఎందుకో చెబుతుంది. అది చుట్టుకొలతలో చిన్నది, బలపడటంలో చాలా వేగమైనది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళనుంచి వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. ఆనాడు నావల మీద ఉన్నవి మా నాన్న చేతి మీదుగా పోయినటువంటి ట్రాన్సిస్టర్లు. ఆకాశవాణి చెప్పింది వినగలవు, బదులు చెప్పలేవు. ఒడ్డున ఉన్నవాళ్ళకు ఏ నావ ఎక్కడుందో తెలిసే దారి లేదు. ఆ తరవాత రోజుల్లో రేవుల్లో నిలబడి సముద్రం వైపు చూసిన ఆడవాళ్ళను చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. నాకు ఆ ఏడు తరవాత సెట్టు అనే మాట వేరే బరువుతో వినిపిస్తుంది.

సెల్‌ఫోన్ ఉంది కదా అని కుర్రాళ్ళు అడుగుతారు. ఉంది. ఒడ్డుకు దగ్గరున్నంతసేపు కోస్ట్ గార్డు 1554 నంబరుకు చేసుకోవచ్చు, ఆ నంబరు ప్రతి పడవలోనూ పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. కానీ ఫోను ఒక్కరితోనే మాట్లాడుతుంది, అదీ టవరు అందినంతవరకే. సెట్టులో 16వ చానల్ మీద అన్న మాట, అందుబాటులో చెవి ఒగ్గి ఉన్న అందరికీ ఒకేసారి చేరుతుంది. పక్కన వలలాగే నావకు, కాకినాడ యాంకరేజిలో నిలిచిన ఓడకు, ఓడలరేవు ముందు కేజీ బేసిన్ రిగ్గుల దగ్గర తిరిగే బోట్లకు, కోస్ట్ గార్డుకు. సముద్రంలో మొదట చేరగలిగేది పక్కనున్నవాడే. వాడి పేరు, నంబరు మనకు తెలియనక్కర్లేదు. అందుకని 16 మీద కబుర్లు వద్దు. మాట కలిశాక వేరే చానల్‌కు పోండి, మళ్ళీ 16కు వచ్చి ఉండండి.

కొత్త సెట్లలో మూత కింద ఎర్ర బొత్తాం ఉంటుంది. నొక్కి పట్టుకుంటే ఆపదలో ఉన్నామన్న సంకేతం తనంతట తనే పోతుంది. అయితే అందులో ఆ పడవకు కేటాయించిన తొమ్మిది అంకెల నంబరు, మన దేశానిదైతే 419తో మొదలయ్యేది, ముందుగా ఎక్కించాలి. జీపీఎస్ అందితేనే చోటు కూడా తనంతట తనే చెబుతుంది. నంబరు ఎక్కించని బొత్తాం నొక్కినా ఏమీ పోదు. బిగించే రోజున ఇదొకటి అడిగి చేయించుకోండి.

పైకప్పు లేని ఫైబర్ తెప్పల సంగతి ఇంకా కష్టం. వాటిలో బిగించడానికి గోడే లేదు, ఇంజను నుంచి కరెంటు లేదు. చేతిలో పట్టుకునే ఐదు వాట్ల సెట్టే వాళ్ళకు దిక్కు. దాన్ని మడతల సంచిలో, వలల కింద, అన్నం క్యారేజి పక్కన పెడతారు, తడవకూడదని. అక్కడ తడవదు, అందదు కూడా. తెప్పల వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. నీరు చొరని సంచిలో పెట్టి మెళ్ళో వేసుకోండి, లేదా చుక్కాని పట్టేవాడి పక్కన అమరం బల్లకు తాడుతో కట్టండి. తెప్ప బోల్తా పడితే సెట్టు మనిషితో ఉండాలి.

ఇప్పుడు ఇంకో పెట్టె వస్తోంది. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద, దేశమంతా లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించాలని తలపెట్టారు. ఖర్చు 364 కోట్లు. ఇస్రో తయారుచేసిన పద్ధతి అది. ఫోను టవరు అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చిన్న సందేశాలు పంపవచ్చు, అటు నుంచి తుపాను హెచ్చరిక రావచ్చు. నాకు నిండు మనసుతో సంతోషం కలిగించిన పథకం ఇది. 1996లో ఇలాంటిది ఉంటే అని అనుకోకుండా ఉండలేను. కానీ దానికీ ఆకాశం కనిపించే చోటు కావాలి, దానికీ బ్యాటరీ నుంచి మంచి తీగ కావాలి, దానికీ ఏదో ఒక ఒంపు మీద ఒక పట్టీ బిగించాలి. దాని ముందున్న ప్రశ్న కూడా పాతదే: బిగించేది ఎవరు, వాళ్ళకు ఎంత సమయం ఇస్తారు?

ఎందుకంటే నేను ఏం చూశానో నాకు తెలుసు. మేకుకు తాడుతో వేలాడే సెట్లు చూశాను. పట్టీ పెట్టెలోనే ఉండిపోయి, సెట్టు చాప కింద ఉన్న పడవలు చూశాను. రెండు స్క్రూల మీద వేలాడుతూ, మూడో కెరటానికి ఊడి సరంగు కాళ్ళ దగ్గర పడినది చూశాను. ఇచ్చినవాళ్ళ కాగితాల్లో ఈ పడవలన్నిటి ఎదురుగానూ టిక్కు ఉంటుంది. ఆ టిక్కు అబద్ధం కాదు, సెట్టు ఇచ్చారు. పడవకు మాట మాత్రం రాలేదు.

కాబట్టి సెట్లు, ట్రాన్స్‌పాండర్లు పంచే అధికారులకు నా మనవి. పెట్టె చేతిలో పెట్టిన రోజున సంతకం తీసుకోకండి. బిగించి, పక్క పడవతో మాట్లాడించి, సరంగు కళ్ళు మూసుకుని మైకు అందుకున్నాక తీసుకోండి. ఆ పనిని జూన్‌లో ఆఖరి క్షణానికి వదలకుండా ఏప్రిల్లోనే, పడవలు ఒడ్డెక్కగానే మొదలుపెట్టండి. రేవుకు ఒక వడ్రంగిని, ఒక రేడియో మెకానిక్‌ను పెట్టి, వాళ్ళ కూలినీ, టేకు ముక్కనూ, బోల్టులనూ, మంచి తీగనూ అంచనాలో చేర్చండి. పడవల ఓనర్లూ, మీరు కూడా ఈ నిషేధం రోజుల్లోనే ఒకసారి కేబిన్లోకి వెళ్ళి, మీ సెట్టు పట్టీని చేత్తో పట్టి ఊపి చూడండి. కదిలితే ఈ వారమే వడ్రంగిని పిలవండి.